సెమినరీ విద్యార్థికి సువార్త శిక్షణ: వారానికి పది సంభాషణలా, ఏడాది పాటు ఒకే సంఘమా?

తిరుపతి_బోధకుడు:
అందరికీ వందనాలు. వచ్చే జూన్ నుంచి మా సెమినరీలో (కాపరులను, అంటే పాస్టర్లను, తయారుచేసే కళాశాలలో) మూడో ఏడు విద్యార్థులకు వ్యక్తిగత సువార్త పేపరును రాతపరీక్షతో సరిపెట్టకుండా, చేసిన పనికి మార్కులు వేయాలని నా ప్రతిపాదన. మొత్తం 16 వారాలు. మొదటి నాలుగు వారాలు క్లాసులోనే. ఎవరి సాక్ష్యం, అంటే తాను ఎలా నమ్మాడన్న కథ, వాళ్ళు ఒక పేజీ రాసి మూడు నిమిషాలకు కుదించాలి. రోమా పత్రికలో పాపం, రక్షణ గురించి చెప్పే 3:23, 6:23, 5:8, 10:9 వచనాల వరుసను బైబిల్ తెరవకుండా మామూలు మాటల్లో వివరించాలి. ఐదో వారం నుంచి శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా, తెలిసినవాడు ఒకరి వెంట ఇద్దరిద్దరుగా బయటికి, వారానికి పది సంభాషణలు. రిజిస్టరులో తేదీ, వీధి, ఎంతసేపు మాట్లాడారు, మాట ఎక్కడ ఆగింది, మళ్ళీ రమ్మన్నారా అని రాయాలి. గ్రీకు క్రియారూపాలు గడగడా చెప్పే పిల్లలకు పక్కింటాయనతో యేసు గురించి పది నిమిషాలు మాట్లాడమంటే నోరు పెగలడం లేదు. అభ్యంతరాలుంటే చెప్పండి.

చిత్తూరు_కాపరి:
నా అభ్యంతరం ఆ పది అంకె మీదే సార్. పది పూర్తి చేయాలంటే పిల్లోడు నేరుగా బస్టాండుకు పోతాడు. మనుషులు దొరికేది అక్కడే, ఇంకోసారి కనబడనిదీ అక్కడే. గుండు చేయించుకుని, పిల్లల్ని చంకనేసుకుని, కొండ దిగి బస్సు కోసం నిలబడిన మనిషి చేతిలో కరపత్రం పెడితే ఆయనకు నొప్పి, మనకు రిజిస్టరులో ఒక గీత. విద్యార్థిని ఏడాది పాటు ఒకే సంఘానికి పంపండి. ఒక వీధి అప్పజెప్తాం. ఆ వీధి పిల్లల పేర్లు కూడా తెలిసినాక నోరు దానంతట అదే పెగుల్తుంది.

తిరుపతి_బోధకుడు:
బస్టాండు అని నేనెక్కడా రాయలేదు అయ్యగారూ. కొండ మీద అన్యమత ప్రచారం 2007 చట్టం ప్రకారం నిషేధం. మా వాళ్ళు అలిపిరి వైపే వెళ్ళకూడదు. తిరుచానూరు గుడి వీధులు, యాత్రికుల సత్రాలు, ఆసుపత్రి వార్డులు కూడా వద్దని రాసిపెట్టాను. తల్లిదండ్రులు పక్కన లేకుండా పిల్లలతో మాట్లాడకూడదు. ఫీజు కడతాం, ఉద్యోగం ఇప్పిస్తాం, జబ్బు తగ్గుతుంది అనే మాట రాకూడదు. రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచారానికి హక్కు ఇచ్చింది, ఎదుటి మనిషిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ మొదటి క్లాసులోనే చెప్తాం.

రేణిగుంట_అక్క:
శనివారం మూడు గంటలకా అన్నా? ఆ వేళ చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే ఉంటారు. తెలియని మగపిల్లలు ఇద్దరు గుమ్మంలో నిలబడితే ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారు? సాయంత్రం అయ్యేసరికి పాలు పితకడం, క్యాను తీసుకుని కేంద్రానికి పోవడం. ఏడున్నర దాటాక, ఇంటి మగమనిషి ఉన్నప్పుడు, మన సంఘంలో ఒక పెద్దామెను వెంట పెట్టుకుని వెళ్ళాలి.

పలమనేరు_తమ్ముడు:
నేను ఆఖరి ఏడు విద్యార్థిని. టైము కంటే ముందు ఆ ప్రశ్న సంగతి చూడండి సార్. "ఈ రాత్రి మీరు చనిపోతే పరలోకానికి వెళ్తారా?" అని అడగమని నేర్పుతున్నారు. సందెవేళ దీపం పెట్టిన ఇంట్లో ఆ మాట అనేసరికి ముసలమ్మ లేచి లోపలికి పోతుంది.

తిరుపతి_బోధకుడు:
తమ్ముడూ, ఆ ప్రశ్న 1962లో ఫ్లోరిడాలో మొదలైన ఎవాంజెలిజం ఎక్స్‌ప్లోజన్ పద్ధతిలోది. ముగ్గురి జట్టు, తెలిసినవాడి వెంట నేర్చుకునేవాళ్ళు ఇద్దరు, ఇదంతా అక్కడినుంచే తీసుకున్నాం. మరణం మాట ఎత్తకుండా రక్షణ గురించి ఎంతసేపు మాట్లాడతారు? జడిస్తే సువార్త సగమే మిగులుతుంది.

చిత్తూరు_కాపరి:
ముగ్గురి జట్టు మంచిదే, దాన్ని ఉంచుకుందాం. ప్రశ్న మాత్రం మన గుమ్మంలో అపశకునం. సమరయ స్త్రీతో ప్రభువు దాహానికి నీళ్ళు అడిగి మొదలుపెట్టినాడు. ఫిలిప్పు, లేఖనం చదువుకుంటా పోయే ఐతియొపీయుడి రథం పక్కన పరుగెత్తి, చదివేది అర్థమవుతా ఉందా అని అడిగినాడు. ఇద్దరూ ఎదుటి మనిషి చేతిలో ఉన్నదాంతోనే మొదలుపెట్టినారు. ఇంకోటి. "మీరు పాపి" అంటే వినేవాళ్ళకు ఏదో తప్పుడు పని అంటగట్టినట్టు వినబడుతుంది. "దేవుడితో తెగిపోయినాం, నేనూ అంతే" అంటే కూర్చుని వింటారు. ఇది రోల్‌ప్లేలో తెలియదు. నాలుగిళ్ళలో తలుపు మూసుకుపోయినాక తెలుస్తుంది.

తిరుపతి_బోధకుడు:
మాట మార్చుకోవచ్చు, లెక్క వదలకూడదు. లెక్క లేకపోతే సంఘానికి పంపిన విద్యార్థి ఏం చేస్తాడో అందరికీ తెలుసు. ఆదివారం కుర్చీలు వేయాలి, మైకు సెట్ చూడాలి, కాపరిగారి పిల్లల్ని ట్యూషనుకు దింపాలి. మార్చిలో "మంచి అబ్బాయి, విధేయుడు" అని ఒక ఉత్తరం వస్తుంది. ఏడాదంతా ఎన్ని ఇళ్ళకు వెళ్ళాడంటే ఒక్కటీ ఉండదు.

చిత్తూరు_కాపరి:
కుర్చీలు వేయడం తక్కువ పనా సార్? సరే, మీ రిజిస్టరు సంగతి చూద్దాం. "మళ్ళీ రమ్మన్నారా" అని ఒక గడి పెట్టినారు. మళ్ళీ పోయినారా అనే గడి ఏది? నవంబరులో సెమిస్టరు అయిపోతుంది, పిల్లోడు సొంతూరికి పోతాడు. ప్రార్థన చేసిన ఇంటాయన డిసెంబరులో ఎవరిని అడగాల? పుత్తూరు, నగరి పక్క ఇంట్లో తమిళం మాట్లాడతారు. తెలుగు కరపత్రం ఇచ్చి వచ్చేస్తే అది చదివిపెట్టేదెవరు?

శ్రీకాళహస్తి_సండేస్కూల్:
గడి ఇంకొకటి గీస్తే పోయేదానికి ఇంత గొడవెందుకు?

మదనపల్లె_పెద్ద:
ఇద్దరూ కాస్త ఆగండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు అడిగారు. అప్పుడు, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. అంకె అందరికీ గుర్తుంది, ఆపిన నెలలు ఎవరికీ గుర్తుండవు. పైగా ఊరూరా మాట్లాడింది యర్రగుంట్ల పేరయ్య లాంటి ఇక్కడి బోధకులు, చుట్టాల ఇళ్ళలో కూర్చుని. 1912లో బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య గారు కూడా సువార్తను సెమినరీకి వదిలిపెట్టలేదు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత సొంత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు.

తిరుపతి_బోధకుడు:
పెద్దాయనా, చుట్టాల ఇళ్ళలో సాగిందనే నా బాధంతా. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా చాలా సంఘాలు ఆ చుట్టరికం దాటలేదు. మా విద్యార్థి వేరే కులం కుటుంబాన్ని తీసుకొస్తే, ఆరాధన అయ్యాక కమిటీ పెద్ద అడిగిన మొదటి మాట "వీళ్ళు ఎవరి తాలూకు?" రెండు ఆదివారాలు వచ్చారు. వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోలేదు. మూడో ఆదివారం రాలేదు. ఆ ఊరి పేరు, సంఘం పేరు చెప్పను. అలాంటిచోటికి ఏడాదికి పంపితే విద్యార్థి నేర్చుకునేది అదే. అందుకే రిజిస్టరు పట్టుకుని కూర్చున్నా.

చిత్తూరు_కాపరి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్. అవును, జరుగుతా ఉంది. మా దగ్గర కూడా. కొత్త కుటుంబం మొదట అడిగేది పరలోకం గురించి కాదు. మా పిల్లకు సంబంధం ఎక్కడ చూస్తారు, మేం పోతే ఏ శ్మశానంలో పెడతారు అని అడుగుతారు. ఎస్సీ కుటుంబమైతే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందికి వస్తారు. బాప్తిస్మానికి ముందే కూర్చోబెట్టి ఇది విడమరిచి చెప్పాల. చెప్పకుండా ముంచితే మోసమే. పదహారు వారాల పిల్లోడు ఈ జవాబులు ఎక్కణ్ణుంచి తెస్తాడు? సంఘం తేవాల. తేకపోతే ఆ తప్పు మాది, మీ విద్యార్థిది కాదు.

రేణిగుంట_అక్క:
అయితే విద్యార్థి రాకముందే సంఘంలో రెండు కుటుంబాలు పేర్లు ఇవ్వాలి. కొత్తవాళ్ళు వచ్చిన ఆదివారం పక్కన కూర్చుని, ఆ వారంలోనే భోజనానికి పిలిచేవాళ్ళు. వాళ్ళింట్లో వీళ్ళు కూడా తినాలి. పేర్లు ఇవ్వని సంఘానికి విద్యార్థిని పంపొద్దు.

తిరుపతి_బోధకుడు:
దీనికి ఒప్పుకుంటాను. మార్కుల్లో సగం కాపరి వేయాలి, సగం నేను. మరణం ప్రశ్న మొదటిసారి వెళ్ళినప్పుడు తీసేస్తా. పది అంకె మాత్రం ఉండాలి.

చిత్తూరు_కాపరి:
పది ఉంచండి. పది మంది అని కాకుండా పదిసార్లు అనండి. నాలుగే ఇళ్ళు, ఒక్కో ఇంటికి పదిసార్లు. అట్లయితే జూన్‌లో ఇద్దర్ని మా సంఘానికి పంపండి, రెండు కుటుంబాల పేర్లు ఈ నెలలోనే రాసిస్తా.

తిరుపతి_బోధకుడు:
ఒకే ఇంటికి వారం వారం పోలేరు, ఒక్కో ఇంటికి పదిసార్లు అంటే పదహారు వారాల్లో కుదరదు అయ్యగారూ. జూన్ నుంచి మార్చి దాకా కావాలి. సోమవారం ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను.