పదకొండేళ్లు పాకలో ఉన్న బుల్లెట్ లేచింది, వేడెక్కితే మాత్రం ఆగిపోతోంది

రాజోలు అబ్బాయి:
నమస్కారమండి అందరికీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి బుల్లెట్ 350 ఒకటుంది, 1984 మోడల్, కాస్ట్ ఐరన్ ఇంజిను, కుడి కాలికి గేర్లు, ఎడమ కాలికి బ్రేకు. కొబ్బరి దింపులప్పుడు తోటలన్నీ ఆయన దీని మీదే తిరిగేవారు. మోకాళ్లు అరిగి కిక్కు కొట్టలేక పశువుల పాకలో ఓ మూల స్టాండేశారు, అంతే, పదకొండేళ్లు అక్కడే ఉండిపోయింది.

దసరా నుంచి పని మొదలెట్టాను. ట్యాంకులోంచి పిడికెడు తుప్పు రాలింది, వైర్లు సగం ఎలకలు కొట్టేశాయి. ట్యాంకు కడిగించి, కార్బొరేటర్ విప్పి జెట్లు శుభ్రం చేసి, వైరింగు, టైర్లు, బ్రేక్ షూలు, కేబుళ్లు, ప్లగ్గు కొత్తవి వేశాను. ఇప్పుడు పొద్దున్నే మూడో కిక్కుకి లేస్తోంది. కానీ పది పన్నెండు కిలోమీటర్లు బాగా నడిచి, మలికిపురం దాటాక మిస్సింగ్ వచ్చి ఆగిపోతోంది. అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. నాలుగుసార్లు ఇదే వరస.

ఇంకా ఎడమవైపు చైన్ కేసు కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి, ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు, ఆరు వోల్టుల బండి కాబట్టి ఐడ్లింగులో హెడ్‌లైటు గుడ్డి దీపంలా ఉంటుంది. మెకానికేమో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను, అయిదు గేర్ల బాక్సు, ముందు డిస్క్ బ్రేకు అన్నీ వేసేద్దాం, గొడవ వదులుతుంది అంటున్నాడు. నాన్నగారికి డెబ్భై ఆరు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి దీని మీదే వెనక కూచుని వెళ్లాలని ఆయన కోరిక. అన్నీ మార్చేస్తే ఇంక అది ఆయన బండేనా అని నాకు బెంగ, మార్చకపోతే దారిలో ఆయన్ని ఎండలో నిలబెట్టాల్సొస్తుందేమోనని టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

తణుకు పాయింట్స్:
తమ్ముడూ, ముందు ఏ సామానూ కొనకు. వేడెక్కితే ఆగి చల్లారితే లేచే జబ్బుకి సాధారణంగా కారణం రెండు చోట్లే ఉంటుంది. ఈసారి ఆగిన వెంటనే, చల్లారకముందే, ట్యాంకు మూత తియ్యి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి ఆ తర్వాత కాసేపటికి బండి లేచిందంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయినట్టే. పెట్రోలు దిగినకొద్దీ పైనుంచి గాలి వెళ్లాలి కదా, వెళ్లకపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పెట్రోలు దిగడం ఆగిపోతుంది, అరగంటలో గాలి మెల్లగా చేరి మళ్లీ దిగుతుంది. మనం వేడి వల్ల అనుకుంటాం. పదకొండేళ్ల దుమ్ము ఒక్క సూదితో పోతుంది.

మూత తీసినా లేవకపోతే ప్లగ్గు విప్పి హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టి చూడు. స్పార్క్ లేకపోయినా, ఎర్రగా నీరసంగా ఉన్నా, ఆ స్పార్క్ పుట్టించే సామాన్లలో కండెన్సర్ గానీ కాయిల్ గానీ పోయినట్టే. కండెన్సర్ సంగతి తేల్చుకోవడం తేలిక. సాయంత్రం చీకటి పడుతుండగా పాయింట్స్ (స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే రెండు ముక్కలు) డబ్బా మూత తీసి ఇంజిను నడుపుతూ చూడు. పాయింట్ల మధ్య చిన్న రవ్వ ఉంటే పర్వాలేదు, నీలంగా పెద్దగా మెరుస్తుంటే కండెన్సర్ పని అయిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది, వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. నువ్వు వైరింగంతా మార్చానన్నావు గానీ కండెన్సర్ పేరెత్తలేదు, అందుకే నాకు అనుమానం. అది మార్చేటప్పుడే పాయింట్ల మొహాలు సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండేట్టు ఫీలర్ గేజ్‌తో పెట్టు. కంటితో చూసి పెట్టకు.

కాలవగట్టు:
పెట్రోల్ పైపు, ట్యాంకు కాక్ వాషర్లు కూడా మార్చేయండి. ఇప్పుడు వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది. పైగా ఇథనాల్ తేమని పీలుస్తుంది. మన డెల్టా గాలికి, అందులోనూ సముద్రం పక్కన ఊళ్లకి, సగం ఖాళీ ట్యాంకుతో నెలలు ఉంచితే అడుగున నీళ్లు చేరి మళ్లీ తుప్పే. వారానికోసారైనా నడపండి.

అమలాపురం అయిదో గేరు:
నేను పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసుకున్నానండి. ఇంతవరకూ పాయింట్ల గొడవ లేదు. పెద్దాయన్ని ఎక్కించుకుని వెళ్లే బండికి అదే మంచిదని నా అభిప్రాయం. పాతదనం కోసం మనిషిని రోడ్డు మీద నిలబెట్టకూడదు.

నరసాపురం రేవు:
బాబూ, నా దగ్గర ఇలాంటి బండే ఉంది, సఖినేటిపల్లి పంటు (రేవు దాటించే పడవ) మీద అటూ ఇటూ ఎన్నిసార్లు దాటించానో లెక్క లేదు. ఎలక్ట్రానిక్‌ది వేసుకోవడం తప్పని నేను అనను. కాకపోతే జబ్బేదో తేలకుండా వేస్తే, రేపు కాయిలే పోయిందనుకో, కొత్త సామానుతో అదే చెట్టు కింద నిలబడతావు. అదీగాక పాయింట్లు అరిగితే మన రేవు పక్క కొట్టులోనైనా సరిచేస్తారు, ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోతే ఆ రోజుకి నడకే.

నువ్వు రాసినవాటిలో ఏది భరించొచ్చు, ఏది భరించకూడదు అన్నది విడదీసుకో. బ్రేకులు, టైర్లు, వైర్లు, పెట్రోలు కారడం, వీటి దగ్గర రాజీ పడొద్దు. ఆయిల్ చుక్క సంగతి వేరు. ఆ ఎడమవైపు చైన్ కేసు మూత మొత్తం మధ్యలో ఒక్క నట్టు మీదే నిలబడుతుంది, చుట్టూ రబ్బరు సీలు. కారుతోంది కదా అని ఆ నట్టుని బలంగా బిగించకు, మూత వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. సీలు కొత్తది వేసి, అంచులు తుడిచి, చేతికి గట్టిగా తగిలేంతవరకే బిగించు. అప్పటికీ ఒకటి రెండు చుక్కలు పడితే పడనీ. బండి కింద కొబ్బరి పీచు పరిచి వారానికోసారి ఆయిల్ మట్టం చూసుకో, నేను ఇన్నేళ్లూ అదే చేస్తున్నాను.

ఇంకో మాట. ఈ ఇంజిన్లు నెలల తరబడి నిలబెడితే ఆయిలు పంపుని దాటి మెల్లగా క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. అలాంటప్పుడు స్టార్ట్ చేస్తే బాగా పొగ వస్తుంది, కంగారు పడకు. ముందే కింద డ్రెయిన్ నట్టు విప్పి తీసి, ఆ మేరకు ఆయిల్ ట్యాంకులో (పెట్రోలు ట్యాంకులో కాదు) పోస్తే సరి.

న్యూట్రల్ కోసం ఆగాక వెతుక్కోకు. బండి ఇంకా దొర్లుతుండగానే, రెండో గేర్లోనో మూడో గేర్లోనో ఉన్నప్పుడు క్లచ్ పట్టి, మడమతో న్యూట్రల్ ఫైండర్ (గేరు పెడల్ దగ్గరే ఉండే చిన్న పెడల్) తొక్కెయ్. ఫస్ట్ గేర్లో ఉండగా అది పని చెయ్యదు. లైటు సంగతికొస్తే, చీకటి పడ్డాక కాలవ గట్ల మీద దీంతో తిరగకు, అంతే. ఊళ్లో కుర్రాళ్లకి మాత్రం బండి ఇవ్వకు. ఎడమ కాలి గేర్లు అలవాటైనవాడు కంగారులో బ్రేకనుకుని కుడి కాలు తొక్కుతాడు, అది గేరు. మా వీధిలో ఒకబ్బాయి అలాగే నేరుగా కాలవలోకి పోయాడు, దెబ్బలతో బయటపడ్డాడు.

తీర్థం రోజున మాత్రం వద్దు. ఆ జనంలో క్లచ్ పట్టుకుని అడుగడుక్కీ ఆగుతూ వెళ్లడం ఈ ఇంజినుకి అన్నిటికన్నా కష్టం, గాలి తగిలితేనే కదా చల్లబడేది. ముందు వారమో తర్వాత వారమో మామూలు రోజున, తెల్లవారగట్ల తీసుకెళ్లు. స్వామి ఎక్కడికీ పోడు, మీ నాన్నగారికి ఒళ్లు అలవకుండా దర్శనమూ అవుతుంది.

రాజోలు అబ్బాయి:
బాబాయ్ గారూ, తణుకు అన్నయ్యా, అందరికీ ధన్యవాదాలండి. ఆదివారం కావాలనే వేడెక్కించి ఆపాను. మూత తీశాను, చప్పుడేమీ లేదు, లేవలేదు. స్పార్క్ చూస్తే ఎర్రగా, ఉందా లేదా అన్నట్టుంది. సాయంత్రం పాయింట్ల మూత తీస్తే అన్నయ్య చెప్పినట్టే నీలంగా పెద్ద మెరుపు. కండెన్సర్ మార్చి, పాయింట్లు రుద్ది 0.38 దగ్గర పెట్టాను. నిన్న సఖినేటిపల్లి రేవు దాకా వెళ్లి, ఆపకుండా వెనక్కి వచ్చేశాను. ఒక్కసారి కూడా మిస్సవలేదు.

ఇంకోటి చెప్పాలి. వచ్చేసరికి నాన్నగారు అరుగు మీద కూచుని ఉన్నారు. చప్పుడు విని "టాపెట్లు బిగిసిపోయాయిరా, ఈ బండి ఇంత మెత్తగా ఎప్పుడూ నడవలేదు" అన్నారు. మెత్తగా ఉంటే మంచిదేగా అన్నాను. చల్లారాక చూడమన్నారు. పొద్దున పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి టాపెట్ మూత తీస్తే ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ (పొగ బయటికి వెళ్లే వాల్వుని తెరిచే కడ్డీ) వేళ్లతో అసలు తిరగట్లేదు. అది వేలితో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు, బిగుతుగా ఉంటే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, అలాగే తిప్పితే వాల్వు కాలిపోతుంది అని ఆయన స్టూలేసుకుని పక్కనే కూచుని చెప్పారు, స్పానర్ నేను పట్టుకున్నాను. ఇప్పుడు టక్ టక్ మని సన్నగా వినిపిస్తోంది, అదీ సరైన చప్పుడట. ఆయన చెవికి ఇన్నేళ్ల తర్వాత కూడా అంత గుర్తుందంటే నాకు నోట మాట రాలేదండి.

డిస్కు, గేరు బాక్సు ఆలోచన మానేశాను. ఆయిల్ రోజుకి రెండు చుక్కలు పడుతోంది, పీచు వేశాను. తీర్థం అయిన మరుసటి వారం అంతర్వేదికి బయలుదేరతాం. ప్లగ్గు, కండెన్సర్, ఫ్యూజులు సైడు డబ్బాలో పెట్టాను, క్లచ్ కేబుల్ ఒకటి స్పేరు కావాలి, రాజోల్లో దొరకలేదు. పాలకొల్లులో పాత బుల్లెట్ సామాన్లు ఉండే కొట్టు ఎవరికైనా తెలిస్తే ఏ వీధో చెప్పండి, శనివారం వెళ్తాను.