పదివేల జనాభాకు డాక్టర్లు, నర్సులు ఎంతమంది? ఏ లెక్క పట్టుకోవాలి?

లవం_హారం అడిగిన ప్రశ్న

ఎస్‌డీజీ (ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు) సూచిక 3.సి.1 (ఆరోగ్య సిబ్బంది సాంద్రత, పంపిణీ) కోసం భారతదేశానికి పట్టిక ఒకటి తయారుచేయాలి. డాక్టర్ల దగ్గరే చిక్కు పడింది. పార్లమెంటులో ఇచ్చిన జవాబు ప్రకారం 834 మందికి ఒక డాక్టర్, అంటే పదివేలకు దాదాపు 12. 2017-18 పీఎల్ఎఫ్ఎస్ (ఉపాధిపై కేంద్రం చేసే నమూనా సర్వే) నుంచి కట్టిన అంచనాలో అది 6.1. అర్హత లేనివాళ్లను తీసేస్తే 5.0. ఒకే దేశానికి ఇంత తేడా ఏమిటి? పట్టికలో ఏది పెట్టాలి? జిల్లాల మధ్య పంపిణీకి గినీ (0 నుంచి 1 దాకా అసమానతను కొలిచే సూచిక) కడితే సరిపోతుందా? పీఎల్ఎఫ్ఎస్ యూనిట్ డేటా దించుకున్నాను, లెక్క స్టాటా (గణాంకాల సాఫ్ట్‌వేర్)లో చేస్తాను.

రిజిస్టర్_రాజు

ముందు ఆ 834ను విప్పి చూడండి. 2022 జూన్ నాటికి రాష్ట్ర వైద్య మండళ్లలోనూ జాతీయ వైద్య కమిషన్‌లోనూ నమోదై ఉన్న అల్లోపతి డాక్టర్లు 13,08,009. వాళ్లలో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారని అనుకుని, దానికి 5.65 లక్షల ఆయుష్ (ఆయుర్వేదం, హోమియో వంటి పద్ధతుల) డాక్టర్లను కలిపారు. ఆయుష్‌ను పక్కన పెట్టి అదే జనాభాతో భాగిస్తే సుమారు 1,284 మందికి ఒకరు తేలతారు. ఆ 80 శాతం ఎవరూ కొలిచింది కాదు, అనుకున్నది.

3.సి.1లో డాక్టర్ అంటే ఐస్కో-08 (వృత్తుల అంతర్జాతీయ వర్గీకరణ) కోడ్‌లు 2211, 2212 మాత్రమే. ఆయుష్ వైద్యులు 2230 కిందికి వస్తారు. వాళ్లను చూపించొద్దని కాదు, వేరే వరుసలో చూపించండి. కలిపేస్తే మీ అంకెను ఇంకో దేశంతో పోల్చే వీలుండదు.

రిజిస్టర్‌తో అసలు తంటా, అందులోకి పేరు ఎక్కినంత తేలిగ్గా దిగదు. చనిపోయినవాళ్లు, విదేశాలకు వెళ్లినవాళ్లు, ప్రాక్టీసు మానేసినవాళ్లు అలాగే ఉండిపోతారు. పీజీ అయ్యాక అదనపు అర్హత నమోదు చేయించుకుంటారు కాబట్టి, మనుషులను కాక వరుసలను లెక్కపెడితే ఒకే డాక్టర్ రెండుసార్లు పడతాడు. ఒక రాష్ట్రంలో నమోదై ఇంకో రాష్ట్రంలో మళ్లీ నమోదైనవాళ్లు సరేసరి. 2014 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మండలి నంబర్లతో తెలంగాణలో పనిచేస్తున్నవాళ్లను ఇందుకే జాగ్రత్తగా చూడాలి. నమోదు సంఖ్య ఒక్కటే తాళంచెవిగా పనికిరాదు, ఎందుకంటే అదే సంఖ్య వేర్వేరు మండళ్లలో ఉంటుంది. మండలి, సంఖ్య, నమోదైన సంవత్సరం మూడూ కలిపితేనే ఒక మనిషి.

నర్సుల్లో ఇది ఇంకాస్త ముదురుతుంది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు నర్సుగా, మిడ్‌వైఫ్‌గా ఒకేసారి నమోదవుతారు. రెండు శీర్షికలనూ కూడితే ఒక్కరే ఇద్దరవుతారు. ఏఎన్ఎంలను (సహాయక నర్సు-మిడ్‌వైఫ్‌లను) 3222 కింద విడిగా రాయండి. ఆశా కార్యకర్తలు ఈ సూచికలో నర్సుల లెక్కలోకి రారు.

నమూనా_నాగమణి

సర్వే వైపు సంగతి నేను చెప్తాను. 2017-18 పీఎల్ఎఫ్ఎస్‌లో వృత్తి కోడ్ ఎన్‌సీఓ-2004 (వృత్తుల జాతీయ వర్గీకరణ) ప్రకారం మూడంకెలే. 222లో అల్లోపతి డాక్టరు, ఆయుర్వేదం, పళ్ల డాక్టరు, పశువైద్యుడు అందరూ ఉంటారు. నర్సులు 223, 323లో. పరిశ్రమ కోడ్ (ఎన్ఐసీ-2008) మాత్రం ఐదంకెలదాకా ఇస్తారు కాబట్టి దాన్ని అడ్డంగా వేసి విడదీయండి. 75తో మొదలయ్యేది పశువైద్యం, తీసేయండి. సొంత క్లినిక్ ఉన్న డాక్టరు, పళ్ల డాక్టరు, ఆయుర్వేద వైద్యుడు వేర్వేరు ఎన్ఐసీ కోడ్‌లలో దొరుకుతారు. ఆసుపత్రి కోడ్ 8610లో ఉన్నవాళ్లు మాత్రం కలిసిపోయే ఉంటారు, అక్కడ కచ్చితంగా విడదీయడం కుదరదు. తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన ఎన్‌సీఓ-2015 కొంత నయం: 221 డాక్టర్లు, 222 నర్సులు, 225 పశువైద్యులు. కానీ పళ్ల డాక్టర్లు, ఫార్మసిస్టులు ఇద్దరూ 226లోనే.

చాలామంది ముందు ఎన్ఐసీ 86 అని ఫిల్టర్ పెట్టి తర్వాత వృత్తి చూస్తారు. అలా చేస్తే మందుల షాపులో ఉన్న ఫార్మసిస్టు (4772), మెడికల్ కాలేజీలో పాఠం చెప్పే డాక్టరు (85), ప్రభుత్వ కార్యాలయంలో ఉన్న డాక్టరు (84) జారిపోతారు. వృత్తి కోడ్‌తోనే మొదలుపెట్టండి.

మల్టిప్లయర్‌ను (సర్వేలో ఒక్కొక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే భారాన్ని) నేరుగా వేయకూడదు. మొదటి విజిట్ ఫైలులో ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ గడులు (ఉప నమూనాలోనూ, అన్నీ కలిపీ సర్వే చేసిన యూనిట్ల సంఖ్యలు) సమానమైతే మల్టిప్లయర్‌ను 100తో, కాకపోతే 200తో భాగించి, వచ్చినదాన్ని త్రైమాసికాల సంఖ్యతో మళ్లీ భాగించాలి. ఇది మరిస్తే జనాభా వందల రెట్లు ఉబ్బి కనిపిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. తెలియని తప్పు ఇంకోటుంది. భారాలు సరిగ్గా వేసినా పీఎల్ఎఫ్ఎస్ చూపే మొత్తం జనాభా అసలు కంటే తక్కువే వస్తుంది. అందుకని సర్వే నుంచి తలల లెక్క తీసుకోవద్దు, నిష్పత్తే తీసుకోండి. దాన్ని 2011-2036 జనాభా అంచనాల నివేదికలోని అదే సంవత్సరపు జనాభాతో గుణించండి.

ఇక అర్హత. సర్వేలో ఎవరు ఏం చెబితే అదే వృత్తి. మన ఊళ్లలో ఆర్ఎంపీ తనను డాక్టర్ అనే చెప్తాడు, రాసుకునేవాడు అలాగే రాసుకుంటాడు. 2001 జనగణనలో అల్లోపతి డాక్టర్లమని చెప్పినవాళ్లలో 57.3 శాతానికి వైద్య అర్హతే లేదు. 31.4 శాతం మంది సెకండరీ స్కూలు దాటలేదు. 6.1 నుంచి 5.0కి దిగడం వెనక ఉన్నది ఇదే. నర్సుల్లో కోత ఇంకా పెద్దది, 10.6 నుంచి 6.0కి. సాధారణ విద్య, సాంకేతిక విద్య గడులు రెండూ కలిపి చూడండి. డిగ్రీ ఒక్కటే షరతుగా పెడితే జీఎన్ఎం డిప్లొమా ఉన్న అసలైన నర్సులు కూడా ఎగిరిపోతారు.

లవం_హారం

బాగా అర్థమైందండి. మరి అదే డేటాతో జిల్లాలవారీగా తీయొచ్చా? ఫైలులో జిల్లా కోడ్ ఉంది కదా.

నమూనా_నాగమణి

కోడ్ ఉన్నంత మాత్రాన అంచనా రాదు. ఆ ఏడాది దేశం మొత్తంలో సర్వే చేసింది 4,33,339 మందిని. పదివేలకు 6 చొప్పున వేస్తే తగిలే డాక్టర్లు సుమారు 260. నమూనాలో 5 శాతం వాటా ఉన్న రాష్ట్రానికి పదమూడు మంది. వాళ్లమీద సాపేక్ష ప్రామాణిక దోషం (నమూనా వల్ల అంచనా అటూఇటూ అయ్యే మేర) కనీసం 28 శాతం, ఒకే పట్టణ బ్లాకులో గుంపుగా తగిలితే ఇంకా ఎక్కువ. జిల్లాకైతే సున్నా, ఒకటి, రెండు. 2025 జనవరి నుంచి నమూనాను ఏడాదికి 2,72,304 కుటుంబాలకు పెంచి, జిల్లాను ప్రాథమిక యూనిట్‌గా పెట్టారు. అయినా డాక్టర్లలాంటి చిన్న వర్గానికి జిల్లా అంచనా నిలబడదు. రెండు మూడు సంవత్సరాలు కలిపి రాష్ట్రస్థాయి వరకు వెళ్లండి, అక్కడ ఆగండి.

సరిహద్దు_సుబ్బు

జిల్లా స్థాయికి ఆసుపత్రుల వారీ జాబితా ఒక్కటే దారి. ప్రభుత్వ వైపు ఆరోగ్య శాఖ గణాంకాల్లో మంజూరైన పోస్టులు, ఉన్నవాళ్లు అని రెండు గడులు ఉంటాయి. ఉన్నవాళ్లనే తీసుకోండి, డెప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తుంటే పనిచేసే చోట వేయండి. ప్రైవేటు వైపు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ దరఖాస్తుల్లో డాక్టర్ల పేర్లుంటాయి. కానీ ఒకే స్పెషలిస్టు నాలుగు నర్సింగ్‌హోముల్లో కనిపిస్తాడు, పగలు ప్రభుత్వాసుపత్రిలో ఉండేవాడు సాయంత్రం సొంత క్లినిక్‌లో ఉంటాడు. రాజు గారు చెప్పినట్టు మండలి, నమోదు సంఖ్య, సంవత్సరం మూడింటితో ఏకం చేసి ఒక తలకు ఒక జిల్లా కేటాయించండి. పని గంటలు తెలిస్తే పూర్తికాల సమానంగా విడగొట్టడం మరీ మంచిది.

గినీ విషయంలో జాగ్రత్త. ఊహకు ఒక రాష్ట్రం అనుకోండి. మూడు జిల్లాలు: 20 లక్షల జనాభాకు 400 మంది డాక్టర్లు, 30 లక్షలకు 900, 10 లక్షలకు 1,700. మొత్తం 60 లక్షలకు 3,000, అంటే పదివేలకు 5. (2, 3, 17లను కూడి మూడుతో భాగించి 7.3 అని రాసేవాళ్లూ ఉన్నారు. జనాభా భారం లేకుండా సగటు తీయకండి.) గినీ 0.43 వస్తుంది. ఇప్పుడు మూడో జిల్లాను రెండు చేద్దాం: నగరంలో 4 లక్షలకు 1,500 మంది, మిగతా 6 లక్షలకు 200 మంది. ఒక్క డాక్టరూ కదల్లేదు, గినీ మాత్రం 0.48 అయింది. తెలంగాణ 2016లో 10 జిల్లాల నుంచి 31కి, 2019లో 33కి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26కి వెళ్లింది. పాత జిల్లాల గినీని కొత్త జిల్లాల గినీ పక్కన పెట్టి అసమానత పెరిగిందంటే అది గీతల మహిమే కావచ్చు. మండలాలను పాత జిల్లాల్లోకి తిరిగి చేర్చి రెండు సంవత్సరాలకూ ఒకే హద్దులు వాడండి. హారం కూడా అంతే. ఆ అంచనాల నివేదిక రాష్ట్రస్థాయి వరకే ఉంటుంది, జిల్లా జనాభాను 2011 మండలాల వాటాల నుంచి కట్టుకోవాలి.

నివేదిక చదివే అధికారికి గినీ కంటే హూవర్ సూచిక తేలిగ్గా ఎక్కుతుంది: జనాభా వాటా, డాక్టర్ల వాటాల తేడాలను గుర్తు చూడకుండా కూడి సగం చేయడం. పై మూడు జిల్లాల ఉదాహరణలో 0.40 వస్తుంది, అంటే 3,000 మందిలో 1,200 మంది చోటు మారితే సమానమవుతుంది. రాష్ట్రాల మధ్య తేడా ఎంత, ఒక్కో రాష్ట్రం లోపల ఎంత అని విడగొట్టాలంటే థీల్ (ఇంకో అసమానత సూచిక) వాడండి, గినీ అలా శుభ్రంగా విడిపోదు. పల్లె-పట్నం పోలిక వేరే వరుసలో పెట్టండి. పొరుగు పట్నంలో డాక్టరు ఉంటే పల్లెకు కొంత అందుతాడు, ఆ సంగతి ఈ సూచికలేవీ చూడవు.

రిజిస్టర్_రాజు

ఇంకో మాట. పట్టిక కింద ప్రమాణంతో పోల్చేటప్పుడు ‘వెయ్యికి ఒక డాక్టర్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది’ అని రాయకండి, అది ఆ సంస్థ పెట్టిన హద్దు కాదు. 2006 నివేదికలోని 22.8, 2016 వ్యూహంలోని 44.5 రెండూ పదివేలకు డాక్టర్లు, నర్సులు, మిడ్‌వైఫ్‌లు ముగ్గురినీ కలిపి. మొదటిది నిపుణుల చేతిలో 80 శాతం కాన్పులు జరగడంతో ముడిపెట్టి తీసింది, రెండోది ఎస్‌డీజీ సేవల సూచికతో. 2017-18 అంకెలైతే పనిచేస్తున్నవాళ్లు 6.1, 10.6 కలిపి 16.7. అర్హత చూశాక 11.0. పట్టికలో నమోదైనవాళ్లు, పనిచేస్తున్నవాళ్లు, అర్హతతో పనిచేస్తున్నవాళ్లు అని మూడు నిలువు గడులు పెట్టి, ఒక్కోదాని కింద మూలం, సంవత్సరం, హారం రాయండి. తలకట్టులో ఒకే అంకె వేయాల్సి వస్తే మూడోది వేయండి.