వాలు ఉంది, వాటం లేదు

విజయవాడ సత్యనారాయణపురంలో మా పాత ఇంటికి బాత్రూమ్ నుంచి వీధి ఛాంబర్ దాకా డ్రైనేజీ లైను కొత్తగా వేయిస్తున్నాం. దూరం 30 అడుగులు. ప్లంబర్ కుర్రాడు 4 అంగుళాల పైపు గోతిలో దించి, కింద అక్కడక్కడా ఇటుక ముక్కలు ఆనించి, ఇక మట్టి కప్పేద్దామన్నాడు. ఈలోగా మేస్త్రీ వచ్చి ఒకసారి తొంగిచూసి, "వాలుంది గానీ వాటం లేదు సార్" అన్నాడు.

రెండూ ఒకటే కదా అన్నాను. ఆయన వాదనకు దిగలేదు. నీళ్లు నింపిన మట్టం గొట్టం పెట్టి రెండు కొసలూ కొలిచాడు. తేడా 9 అంగుళాలు. 10 అడుగులకు 3 అంగుళాలన్న లెక్కకి సరిగ్గా సరిపోయింది. తర్వాత పైపు మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకి దారం బిగించాడు. నడిమధ్యలో, ఇటుక ఆనని చోట, దారానికీ పైపుకీ మధ్య నా రెండు వేళ్లు దూరాయి. పైపు అక్కడ బొజ్జ దించింది. నీళ్లు నిలిచేది, మడ్డి పేరుకునేది అక్కడేనట. మొత్తం తీయించి, కింద ఇసుక పరిపించి, మళ్లీ వేయించాడు.

అప్పటి నుంచి ఈ మాటే బుర్రలో తిరుగుతోంది. వాలు కొలతకు దొరుకుతుంది. వాటం అన్నప్పుడు నీటికి కుదిరిందా లేదా అన్నది కూడా అందులో ఉంది. గాలివాటం, ఎడమచేతి వాటం, "వీడి వాటం చూస్తుంటే ఇవాళ బడికి వెళ్లేలా లేడు" అనడం... అన్నిట్లోనూ దానంతటది ఒకవైపు ఒరిగే గుణం కనిపిస్తోంది నాకు. మీ వైపు ఏమంటారు?

* * *

గుంటూరు బ్రాడీపేట మాది. మాకూ వాటమే అండీ. డాబా మీద "వాటం తూము వైపు పెట్టు" అంటారు. మా నాన్నగారు మడికి నీళ్లు కట్టేటప్పుడూ అదే మాట. వాలు అంటే మాకు వాలుకుర్చీ, వాలుజడ, వాలుచూపు. ఇంతకీ చేతివాటాన్ని ఎందుకు వదిలేశారు? అదీ ఒకవైపుకే, ఎదుటివాడి జేబు వైపుకి!

* * *

సివిల్ ఇంజనీర్ని. మీ మేస్త్రీ లెక్క పాతదే. పైపు వ్యాసం ఎన్ని అంగుళాలో దాన్ని పదితో గుణిస్తే, అన్ని అడుగులకు ఒక అడుగు దిగాలి. 4 అంగుళాల పైపుకి 40కి 1, 6 అంగుళాలకి 60కి 1. నీరు పల్లమెరుగు, నిజమే. కానీ మురుగు కదలాలంటే పల్లం ఉంటే చాలదు, వేగం కావాలి. సెకనుకు సుమారు 0.75 మీటర్లు ఉంటే పైపు తనంతట తానే కడుక్కుంటుంది. ఒక్కమాట, ముందు వీధి ఛాంబర్లో పైపు అడుగు ఎంత లోతులో ఉందో చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఎత్తు పెరిగిపోయిన చోట కొన్ని పాత ఇళ్లకి వాటం పెట్టడానికి చోటే మిగలడం లేదు.

* * *

ఛాంబర్ లోతు చూశాకే తవ్వించామండీ, థాంక్స్. చేతివాటం మర్చిపోలేదు, ఇసుక లోడు దించినప్పుడే చూశాను లెండి.

ఇంకో ముచ్చట. మా బాత్రూమ్‌లో టైల్స్ వేసేవాళ్లు హిందీ కుర్రాళ్లు. మొదటిరోజు "ఢాల్, ఢాల్" (హిందీలో వాలు) అంటుంటే మేస్త్రీకి అర్థం కాలేదు. నిన్న వాళ్లలో ఒకడు మగ్గుతో నీళ్లు పోసి, అవి జాలీలోకి పోయేదాకా గొంతుకూర్చుని చూసి, "వాటం ఓకే" అన్నాడు.