సఖినేటిపల్లి రేవు బాగుచేయించుకోవడమా, వారధి కోసమే పట్టుబట్టడమా?

అంతర్వేదికర కుర్రాడు:
సఖినేటిపల్లి నుంచి గోదావరి దాటి నర్సాపురం వెళ్లాలంటే ఈరోజుకీ మాకు పంటే (జనాన్నీ బండ్లనీ దాటించే బల్లకట్టే) దిక్కండి. అంతర్వేది, పల్లిపాలెం, కేశవదాసుపాలెం, గొంది, ఏ ఊరికైనా ఆసుపత్రికీ రైలుకీ బట్టల కొట్టుకీ దగ్గర పట్నం నర్సాపురమే. 2027 పుష్కరాల పనుల్లో ఇటు సఖినేటిపల్లి రేవూ, అటు నర్సాపురం వైపు మాధవాయిపాలెం రేవూ కొత్తగా కట్టమని అర్జీ పెడదామన్నాను. మా ఊళ్లో సగం మంది అడ్డం తిరిగారు. రేవు బాగుపడితే ఇక్కడ నది మీద వారధి ఊసు ఇక ఎవరూ ఎత్తరట.

నా బాధ చెప్తాను. మా అమ్మకి గుండెల్లో నొప్పి వచ్చిన సాయంత్రం నది పాటు మీద ఉంది, అంటే సముద్రంతోపాటు నీళ్లు బాగా దిగిపోయాయి. పంటు ఒడ్డుదాకా రాలేక ఆగిపోయింది. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి లోతు బురదలో నలుగురం మోసి ఎక్కించాం. అవతల ఒడ్డున మళ్లీ అదే బురద, అదే మోత. నది మీద పట్టిన సమయం కంటే రెండు ఒడ్డుల్లో పట్టిన సమయమే ఎక్కువ. అమ్మ బతికింది. కానీ ఆ రాత్రి నుంచి నాకు రేవు తప్ప ఇంకో మాట రావట్లేదు.

రాజోలు రైతు:
అమ్మగారు బాగున్నందుకు సంతోషం తమ్ముడూ. కానీ నేను ఒప్పుకోను. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక పడితే పంటు కట్టేయాల్సిందే. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు పైగా వదిలారు. ఆ రోజుల్లో ఎంత గొప్ప రేవున్నా ఏం లాభం? అంబులెన్సు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాల్సిందే. ప్రతి ఎన్నికకీ వారధి హామీ వింటూనే తలలు నెరిశాయి. ఇప్పుడు రేవు చాలంటే, వాళ్లకి తప్పించుకునే దారి మనమే చూపించినట్టు. కోటిపల్లి – నర్సాపురం రైల్వే లైను పని ఎన్నేళ్లుగా నడుస్తోందో చూస్తున్నాం కదా. ఒత్తిడి తగ్గిన చోట పని ఆగుతుంది.

లేసు కొట్టు, నర్సాపురం:
మా దగ్గరికి లేసు తెచ్చే ఆడవాళ్లు చాలామంది అటునుంచే వస్తారు. వర్షంలో మూట తడవకుండా నిలబడే చోటు లేదు, మరుగుదొడ్డి లేదు. వారధి వచ్చేదాకా వాళ్లు ఓర్చుకోవాలా?

పోటుపాటు:
నేను నీటి కట్టడాల పనిలో ఉన్నాను, మాది మలికిపురం. ఇక్కడ పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఒక మీటరు తేడా, పున్నమికీ అమావాస్యకీ ఇంకాస్త. కదలని సిమెంటు వాలు దీనికి సరిపోదు. పోటప్పుడు మునుగుతుంది, పాటప్పుడు బురదలో తేలుతుంది. కావలసింది తేలే రేవు. నీటితోపాటు లేచి దిగే ఇనుప వేదిక, దాన్నీ ఒడ్డునీ కలుపుతూ కీలు మీద ఆడే వంతెన. కొచ్చిలో 2023లో మొదలైన వాటర్ మెట్రోకి ఇలాంటి వేదికలే పెట్టారు. చక్రాల కుర్చీ నేరుగా పడవలోకి వెళ్తుంది.

మన నది వేరే అని కూడా చెప్పాలి. వరదలో కొట్టుకొచ్చే దుంగలు వేదికని చీల్చేస్తాయి. అందుకని విప్పి పక్క కాలువలోకి లాక్కెళ్లేలా కట్టాలి. ఏటా మేట తవ్వాలి. తవ్వకం డబ్బు ముందే పక్కన పెట్టకపోతే రెండో ఏడే మళ్లీ బురద.

ఇక రైతుగారి భయానికి జవాబు ముక్తేశ్వరంలో ఉంది. 2002లో యానాం – ఎదుర్లంక వంతెన వచ్చింది. ఆ తర్వాత కూడా కోటిపల్లి – ముక్తేశ్వరం మధ్య పంటు తిరిగింది. వంతెన ఉన్నా దగ్గరదారి దగ్గరదారే. కాబట్టి వారధీ రేవూ రెండూ అడగొచ్చు.

లంక టీచరు:
2018 జూలైలో పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇంటికొస్తున్న పిల్లల నాటుపడవ తిరగబడింది. కట్టి వదిలేసిన వంతెన పునాదిని ఢీకొట్టి. వారధి సగంలో ఉన్న చోటే పిల్లలు పోయారు. వంతెన పూర్తయ్యేదాకా కూడా జనం నీళ్లమీదే వెళ్తారని దయచేసి గుర్తుపెట్టుకోండి. లైఫ్ జాకెట్లూ, దీపాలూ వారధి కోసం ఆగవు.

  

రాజోలు రైతు:
టీచరుగారూ, ఆ మాట నన్నూ కదిలించింది. అయినా ఒకటి అడుగుతాను. రేవు వేలం ఏడాదికోసారి. వచ్చే ఏడు పాట తనకి దక్కుతుందో లేదో తెలియని పాటదారు ఆ కీలుకి గ్రీజు ఎందుకు రాస్తాడు? కట్టడం ఒకరోజు, చూసుకోవడం ముప్పై ఏళ్లు. దానికి జవాబు లేకుండా నేను సంతకం పెట్టను.

అంతర్వేదికర కుర్రాడు:
సరైన ప్రశ్నండి, నేను ఆలోచించనిది. నాకు తోచింది ఇది. పంటు నడపడం పాటదారుకి, ఒడ్డు మీద కట్టడం ప్రభుత్వానికి విడదీయాలి. పాట సొమ్ములో ఇంత వాటా తవ్వకానికీ మరమ్మతుకీ అని షరతుల్లోనే రాయాలి. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి రథోత్సవానికి వచ్చే జనం కట్టే పంటు టిక్కెట్ల డబ్బులోంచైనా కొంత ఆ ఖాతాలోకి వెళ్లాలి. అర్జీలో మొదటి వాక్యం వారధి గురించే ఉంటుంది, రేవు రెండోది. ఈ రెండో వాక్యం వల్ల మొదటిది బలహీనపడుతుందని మీరింకా అనుకుంటే, ఆ మాట మీరే గ్రామసభలో చెప్పండి, నేను అడ్డురాను.

వచ్చే అమావాస్యకి, పాటు బాగా దిగినప్పుడు, సఖినేటిపల్లి వైపు గడకర్ర వేసి లోతు కొలుస్తాను. మాధవాయిపాలెం వైపు అదే వేళకి ఎవరైనా కొలవగలరా?

లేసు కొట్టు, నర్సాపురం:
మా అబ్బాయిని పంపుతాను. టైము చెప్పండి.