హైదరాబాద్‌లో ఉంటూ దుబాయ్‌లో ఫ్లాట్ కొనడం తెలివైన పనేనా?

మొన్న ఒక హోటల్లో ప్రాపర్టీ ఎక్స్‌పోకి వెళ్తే టీ ఇచ్చి కూర్చోబెట్టి, అరగంటలో చేతిలో బుకింగ్ ఫారం పెట్టేశారు. ఇంకా కట్టని ఫ్లాట్, వాయిదాల్లో ఇవ్వొచ్చట. మా ఆవిడ వద్దంటోంది. ఎవరైనా కొన్నారా?

జవాబు 1:
ముందు ఆ ఫారం పక్కన పెట్టు అన్నా. విదేశీయులకు పూర్తి హక్కు ఫ్రీహోల్డ్ ప్రాంతాల్లోనే, అంటే మరీనా, డౌన్‌టౌన్ లాంటివి. ధర మీద ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం. కడుతున్న ఫ్లాటైతే డబ్బు ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాకే (ఆ కట్టడానికి మాత్రమే వాడేలా బ్యాంకులో విడిగా ఉంచే ఖాతా) వెళ్లాలి, 2007 నుంచి చట్టం అదే. ఏజెంట్ వేరే ఖాతా నంబరు ఇచ్చాడా, లేచి వచ్చెయ్.

జవాబు 2:
కొనడం కంటే ఇక్కడి నుంచి డబ్బు పంపడమే పెద్ద తలనొప్పి. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన స్కీము) కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్లే, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే. బిల్డర్ వాయిదాలు ఫెమా (విదేశీ మారకపు చట్టం) ప్రకారం అప్పు కిందికి వస్తాయేమో సంతకానికి ముందే సీఏని అడగండి. ఐటీఆర్‌లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తులు చూపించే భాగం) మర్చిపోతే జరిమానా 10 లక్షల దాకా!

జవాబు 3:
నాకుంది ఒకటి. అద్దె బాగానే వస్తుంది, కాకపోతే సర్వీస్ ఛార్జీ చదరపు అడుగు లెక్కన వాయిస్తారు, ఎవరూ లేకపోయినా కట్టాల్సిందే. మూడు నెలలు ఖాళీగా ఉంచి వెళ్తే బాల్కనీ తలుపు సందులో వేలెడు మందం ఇసుక.

అడిగినవారు:
టీసీఎస్ మాట అక్కడ ఒక్కడూ ఎత్తలేదు. మా ఆవిడకి ఈ పేజీ చూపించను, గెలిచానంటుంది.