పగ మాఫ్ చేసుడుకు ఆన్‌లైన్ థెరపిస్ట్: తెలుగుల, మన దిక్కు మాటల ఎట్ల వెతకాలె?

డిండి వాగు (ప్రశ్న):

అన్నలు, అక్కలు, నమస్తే. మాది దేవరకొండ దిక్కు. మా నాయినకు 58 ఏండ్లు. చిన్నాయినతోటి భూమి పంపకాల కాడ మాట మాట పెరిగి ఎనిమిదేండ్ల సంది రెండిండ్ల నడుమ మాటలు బంద్. పెద్దమనుషులు రెండుసార్లు కూసోబెట్టిన్రు, చేతులు కలిపిచ్చిన్రు. లోపలి మంట మాత్రం చల్లారలే. రాత్రి రెండింటికి లేసి వాకిట్ల కూసుంటడు. మొన్న తనంతట తనే "ఇది నా కడుపులకెళ్లి పోవాలె బిడ్డా" అన్నడు. వారం వారం హైదరాబాద్ పోయివచ్చుడు మాతోని కాదు. నాయినకు తెలుగు తప్ప రాదు, చదువు లేదు. ఆన్‌లైన్ల ఇసొంటి పనికి ఎవరిని చూడాలె? అసలు థెరపిస్ట్ అవునో కాదో ఎట్ల తెలుస్తది? ఎన్నిసార్లు కూసోవాలె, ఎంత అయితది? ఇంకోటి, కోర్టుల కేసు నడుస్తున్నది. మాఫ్ చేస్తే కేసు ఇడిసిపెట్టాలెనా?

పిల్లలమర్రి నీడ:

తమ్ముడూ, థెరపిస్టును వెతికే ముందు ఆ నిద్ర సంగతి చూడండి. నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, తిండి తగ్గడం, ఇష్టమైన పని మీదకు కూడా మనసు పోకపోవడం రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే అది పగ ఒక్కటే కాకపోవచ్చు, డిప్రెషన్ కూడా కావచ్చు. అందులో ఉన్న మనిషిని కూర్చోబెట్టి పాత గాయం తవ్వితే ఇంకా కుంగిపోవచ్చు. కాబట్టి ముందు ఒకసారి సైకియాట్రిస్టుకు చూపించండి. నల్లగొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. దాని ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కొని వెళ్లండి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట వాళ్లకూ ఇదే దారి. మందు అవసరమా కాదా చెప్పేది సైకియాట్రిస్టే. సైకాలజిస్టు మందులు రాయరు.

"నేను పోతే అందరికీ పీడ పోతది" లాంటి మాట ఎప్పుడైనా వింటే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ సేవ అది. 24 గంటలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే అక్కడి నుంచి తీసేయండి. అయితే టెలీ మానస్‌లో ప్రతి వారం ఒకే మనిషి మీతో కూర్చొని నెలల తరబడి పని చేయించడం ఉండదు. కష్టం ఎక్కిన పూట మాట్లాడడానికి, ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడానికి అది మంచిది. క్షమించే పనికి వేరే మనిషి కావాలి.

ఇక ఆ మనిషి ఎవరు? మన దగ్గర థెరపిస్ట్ అని, కౌన్సిలర్ అని ఎవరైనా రాసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకుంటే మాత్రం ఆర్‌సీఐలో, అంటే భారత పునరావాస మండలిలో, రిజిస్టరై ఉండాలి. ఆ నంబరును సీఆర్‌ఆర్ నంబర్ అంటారు. అడిగి తీసుకొని, ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరూ నంబరూ కలుస్తున్నాయా, గడువు మిగిలి ఉందా చూడండి. ఐదు నిమిషాల పని. నంబర్ అడిగితే నొచ్చుకునే వాళ్లను అక్కడికే వదిలేయండి.

కౌన్సెలింగ్ సైకాలజిస్టులకు ఈ నంబర్ లేకపోవచ్చు, అంతమాత్రాన నకిలీ అనలేం. వాళ్లను ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ ఎక్కడ చేశారు, ఎవరి పర్యవేక్షణలో కేసులు చూశారు, ఇప్పటికీ సీనియర్‌తో కేసులు చర్చిస్తారా అని అడగండి. పది రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే వద్దు.

ఫీజు 45 నుంచి 60 నిమిషాలకు వెయ్యి నుంచి రెండు వేల దాకా ఎక్కువగా వినిపిస్తుంది. 12 సెషన్లకు 12 వేల నుంచి 24 వేలు అనుకొని దిగండి. "మాది వ్యవసాయం, ఇంతకంటే పెట్టలేం, తగ్గించే వీలుందా" అని నేరుగా అడగండి. చాలామంది తక్కువ ఫీజుకు కొన్ని స్లాట్లు ఉంచుతారు, కానీ అడగనిదే చెప్పరు. 20 సెషన్ల ప్యాకేజీ డబ్బు ముందే కట్టమంటే కట్టొద్దు. ఒక్కటి కట్టండి, నచ్చితే మూడు, ఆ తర్వాత చూడొచ్చు.

జోగులాంబ గట్టు:

పైన చెప్పింది సక్కగున్నది. నేను లోపలి పని గురించి చెప్త, ఎందుకంటే థెరపిస్ట్ మంచోడైనా ఈ పని తెల్వకపోతే పాడు చేస్తడు.

మన దిక్కు మాఫీ అనంగనే అప్పు యాదికొస్తది. లెక్క కట్టకుండ ఏ అప్పూ మాఫీ కాదు. అసలెంత, మిత్తెంత అని పుస్తకంల ఎక్కినంకనే కొట్టేస్తరు. మనసుల మాఫీ కూడ గంతే. మీ నాయినకు పోయింది రెండెకరాలేనా? పెద్దన్నగ ఉండాల్సిన ఇజ్జత్ పోయిందా? నలుగుట్ల అన్న ఏదో ఒక్క మాట ఇయ్యాల్టికి గుచ్చుతున్నదా? చిన్నాయిన పిల్లలను ఎత్తుకునే భాగ్యం పోయిందా? వీటికి పేరు పెట్టకముందే "మాఫ్ చేసిన" అంటే ఏం మాఫ్ చేసిండో ఆయనకే తెల్వది. రెండో నాడు పొద్దుగాల మంట మళ్లీ లేస్తది.

అమెరికాల రాబర్ట్ ఎన్‌రైట్ అనే సైకాలజిస్ట్ ఈ పనిని నాలుగు దశలుగ చేసిండు. దెబ్బను, కోపాన్ని బయటికి తీసుడు మొదటిది. ఇన్నేండ్లు కోపం పట్టుకుంటే ఏమొచ్చింది, ఇడుస్తనా లేదా అని ఆలోచించి నిర్ణయం తీసుకునుడు రెండోది. ఎదుటి మనిషి ఎట్ల అట్లయిండో అర్థం చేసుకుంట, తన నొప్పిని తను మోసుడు మూడోది. ఇదే అన్నిట్ల కష్టం. ఆ నొప్పిని పిల్లల మీదికి తోలకుండ తనకాడనే ఆపాలె, "పాలోళ్ల (దాయాదుల) పిల్లలతోని ఆడకుర్రి" అనే మాట తనతోనే ఆగిపోవాలె. ఇంత బాధ పడ్డందుకు బతుకుల ఏమన్న అర్థం దొరుకుతదా అని చూసుడు నాలుగోది.

పెద్దమనుషులు చేతులు కలిపిచ్చినా ఎందుకు ఫాయిద లేకుండ పోయిందంటే, వాళ్లు రెండోదాని నుంచి మొదలువెట్టిన్రు. వాళ్ల తప్పు కాదు, పంచాయితీ పనే అది, కొట్లాట ఆపుడు. బాస్కిన్, ఎన్‌రైట్ 2004ల అప్పటిదాక జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, నిర్ణయం ఒక్కటే చేయించిన పద్ధతులతోని చెప్పుకునేంత లాభం కనవడలే. అన్ని దశలు దాటిచ్చిన పద్ధతులతోని, అండ్ల ఒక్కొక్కల్లతోని విడిగ కూసున్న కాడ, ఎక్కువ లాభం కనవడ్డది.

ఎవరెట్ వర్తింగ్టన్ అనే ఇంకో సైకాలజిస్ట్ పద్ధతి ఐదు మెట్లది, పేరు రీచ్. గాయాన్ని గుర్తు చేసుకునుడు, ఎదుటోని దిక్కు నిలబడి చూసుడు, మాఫీని బహుమతి లెక్క ఇచ్చుడు, దానికి కట్టుబడుడు, మళ్లీ కోపం లేసినప్పుడు గట్టిగ పట్టుకునుడు. ఎవరికి వాళ్లు చేసుకునే వర్క్‌బుక్‌తోని ఐదు దేశాలల్ల 4,598 మంది మీద దీన్ని పరీక్షించిన్రు, ఫలితాలు 2024ల వచ్చినయి. పగ తగ్గింది, దాంతోపాటు దిగులు, ఆందోళన కూడ తగ్గినయి.

ఎన్ని సెషన్లు అంటే గాయాన్ని బట్టి. అన్నదమ్ముల పంపకాల గొడవకు 12 అనుకొని మొదలువెట్టుర్రి, ఆరోదానికాడ ఆగి ఎటు పోతున్నమో థెరపిస్టుతోని మాట్లాడుర్రి. పెద్ద గాయాలకు ఇది చాలదు. చిన్నప్పుడు ఇంటోళ్ల చేతిల లైంగిక హింస పడ్డ 12 మంది ఆడోళ్లతోని ఫ్రీడ్‌మన్, ఎన్‌రైట్ చేసిన పనికి, వారానికి ఒక గంట చొప్పున, సగటున 14 నెలలు పట్టింది. 1996ల అచ్చయింది అది.

మొదటి ఫోన్‌ల ఈ ఒక్క ప్రశ్న అడుగుర్రి: "మొదటి మూడు సెషన్లల్ల మీరు ఏం చేయిస్తరు?" ముందు జరిగిందంతా వింటం, నిద్ర, ఆరోగ్యం చూస్తం, మాఫ్ చేయాల్నా వద్దా అన్నది ఆయన ఇష్టం అని చెప్తే మంచిది. "రెండు సెషన్లల్ల మర్చిపోయేటట్టు చేస్త" అంటే ఫోన్ పెట్టేయుర్రి. "తమ్ముడే కదా, పెద్దమనసు చేసుకోవాలె" అన్నా పెట్టేయుర్రి. ఆ మాట చుట్టాలు ఎనిమిదేండ్ల సంది ఉత్తగనే చెప్తున్నరు.

భాష సంగతి చిన్నది అనుకోవద్దు. క్షమాపణ, భావోద్వేగం అసొంటి పుస్తకం మాటలు వింటే మీ నాయిన "ఆఁ, ఆఁ" అని తల ఊపుతడు, లోపలికి ఏం పోదు. "కడుపు మండుతది", "మనసు ఇరిగింది", "పాలోళ్లు" అంటే ఏందో థెరపిస్టుకు తెలిసి ఉండాలె. లేకుంటే అడిగి తెలుసుకునే ఓపికన్న ఉండాలె. తెలుగు వస్తది అని ప్రొఫైల్‌ల రాసున్నంత మాత్రాన సరిపోదు, పది నిమిషాలు మీ నాయినతోనే మాట్లాడిచ్చి చూడుర్రి.

సూర్యాపేట బాట:

ఫోన్, జాగా గురించి నాలుగు ముక్కలు. ఊళ్లల్లో సెషన్లు ఎక్కువగా వీటి వల్లే చెడతాయి.

ఫోన్ ఎవరిది? కొడుకు ఫోన్‌లో సెషన్ పెడితే థెరపిస్ట్ మెసేజ్‌లన్నీ కొడుకుకు కనబడతాయి. ఆ సంగతి తెలిసిన తండ్రి నోరు విప్పడు. ఆయన నంబర్‌కే లింక్ రావాలి. లింక్ నొక్కడం, మైక్ ఆన్ చేయడం నేర్పి, మొదలుకాగానే మీరు అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి. చాటున విన్నా, తర్వాత "ఏం చెప్పినవ్" అని అడిగినా పని ఆగిపోతుంది.

జాగా కూడా చూసుకోవాలి. పల్లెటూరి ఇంట్లో తలుపు వేసుకుంటే ఏమైందోనని నలుగురు వస్తారు. బాయికాడ చెట్టు కింద కూర్చోవడం ఇంటికంటే నయం, కానీ గొడవ పడిన భూమి కనబడే చోట వద్దు. వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి, గాలి చప్పుడు తగ్గుతుంది, మధ్యలో ఛార్జింగ్ అయిపోదు. వీడియో గంటకు అర జీబీ నుంచి ఒక జీబీ దాకా తింటుంది. ఆడియో అయితే 50 ఎంబీ లోపే. సిగ్నల్ పలచగా ఉంటే మొదటి ఐదు నిమిషాలు వీడియోలో ముఖాలు చూసుకొని, తర్వాత ఆడియోకు మారండి. మాట తెగి తెగి వచ్చే వీడియో కంటే సాఫీగా సాగే ఆడియో మేలు. ఏడుస్తున్నప్పుడు కాల్ కట్ అయితే తిరిగి ఎవరు చేయాలో మొదటి రోజే అనుకోండి.

సెషన్ రికార్డ్ చేస్తారా అని అడగండి. మీ ఒప్పుకోలు లేకుండా చేయకూడదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

ఆడియోతో ఇంకో లాభం ఉంది. ముంబై, పుణె వలసపోయే పాలమూరు వాళ్లు ఊరు మారినా అదే థెరపిస్టుతో కొనసాగించుకోవచ్చు.

నల్లమల అంచు:

కేసు సంగతి. థెరపీలో మాఫ్ చేయడం చట్టం ముందు ఏ కాగితమూ కాదు. కోపం వదిలి కూడా వాటా కోసం కేసు నడపొచ్చు. కేసు వదిలేసీ కోపం మోస్తున్న వాళ్లు లేరా? మాఫ్ చేయడం వేరు, కలిసిపోవడం వేరు, హక్కు వదులుకోవడం వేరు. మొదటిది ఒక్క మనిషి లోపల జరిగే పని, రెండోదానికి ఇద్దరూ కావాలి, మూడోదానికి స్టాంపు కాగితం కావాలి.

మనసు తేలికైన వారమే పోయి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టొద్దు. కనీసం నెల ఆగి, వకీలుతో మాట్లాడండి. రాజీ కుదిరితే లోక్ అదాలత్ మంచి దారి. కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కానీ అక్కడి అవార్డు, అంటే తీర్పు, మీద అప్పీలు లేదు కాబట్టి సర్వే నంబర్లు, హద్దులు ఒకటికి రెండుసార్లు చదివించుకోండి. ఉచిత న్యాయ సలహాకు 15100.

ఈ చర్చ చదివే అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. కొట్టడం ఇంకా ఆగకుండా ఉంటే అది క్షమించే సమయం కాదు. ముందు భద్రత చూసుకోండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ జిల్లా సఖి కేంద్రానికి గానీ చెప్పండి. హింస నడుస్తుండగానే క్షమించమనే థెరపిస్ట్ ఆ ఇంట్లో కొట్టేవాడికే సాయం చేస్తున్నట్టు.

డిండి వాగు:

అందరికి దండాలు. ఇంక రెండు. థెరపీల ఎదుటి మనిషికి ఉత్తరం రాపిస్తరని విన్న, నాయినకు రాయరాదు కదా? ఇంకోటి, దసరా వస్తున్నది. జమ్మి కాడ చిన్నాయిన ఎట్లైనా ఎదురువడ్తడు.

జోగులాంబ గట్టు:

రాయరాకపోతే బాధ లేదు. ఫోన్ల రికార్డ్ చేసుకోవచ్చు, లేకుంటే ఖాళీ కుర్చీ ఎదురుంగ పెట్టుకొని చిన్నాయిన అండ్ల కూసున్నడు అనుకొని థెరపిస్ట్ ముందట మాట్లాడొచ్చు. ఆ ఉత్తరమైనా, రికార్డైనా చిన్నాయినకు పంపేది కాదు. రికార్డ్ చేస్తే సెషన్ల విన్నంక తీసేయమని చెప్పుర్రి, వాట్సాప్‌ల పొరపాటున పోతే కొత్త గొడవ.

మూడో, నాలుగో సెషన్ అయినంక రెండు మూడు రోజులు కోపం, నిద్రలేమి ఎక్కువ అయితే భయపడకుర్రి, పాతది కదిలింది కాబట్టి అట్లయితది. వారం దాటినా తగ్గకపోతే థెరపిస్టుకు చెప్పుర్రి, వేగం తగ్గిస్తడు. కోర్టు వాయిదా నాడు, చుట్టాల పెండ్లి నాడు సెషన్ పెట్టుకోకుర్రి. రాత్రి పడుకునే ముందు కూడ వద్దు. పొద్దుగాల గానీ నాలుగింటికి గానీ అయితే, తర్వాత అరగంట పొలం కాడ నడిచే వీలుంటది.

దసరా సంగతి ముందుగాల్నే థెరపిస్టుతోని ఒక సెషన్ కూసొని అనుకోవాలె. మీ నాయిన పెద్దోడు కాబట్టి చిన్నాయిన వచ్చి చేతిల ఆకు పెట్టి కాళ్లు మొక్కొచ్చు, సుట్టూ నలుగురు అలాయ్ బలాయ్ చేసుకోమని ఒత్తిడి పెట్టొచ్చు. ఒళ్లు ఒప్పుకోకుండ ఆలింగనం చేసుకుంటే ఇంటికొచ్చినంక మంట రెండింతలైతది. ఆకు తీసుకొని, "మంచిగున్నవా" అని ఒక్క మాట అడిగి, పక్కకు జరిగి పెద్దోళ్లకు జమ్మి ఇయ్యబోవచ్చు. ఆ ఒక్క మాటను సెషన్ల నాలుగైదుసార్లు పైకి అనిపిచ్చి చూసుకొమ్మని థెరపిస్టుకు చెప్పుర్రి. అదీ రాకపోతే ఈ ఏడు జమ్మి కాడికి జర ఆలస్యంగ పోతే సాలు.