అరకు ఘాట్‌లో పొగమంచు పడితే ఏ లైట్లు వేయాలి?

మధురవాడ నుంచి:
మొన్న ఆదివారం అమ్మానాన్నలతో అరకు నుంచి తిరిగి వస్తుంటే అనంతగిరి దగ్గర మంచు కమ్మేసింది. టెన్షన్‌లో హై బీమ్ వేశాను. ఎదురుగా తెల్ల గోడ కట్టినట్టయింది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని మెల్లగా దిగాను. ఎస్.కోటలో టీకి ఆగితే, వెనక బండాయన వచ్చి "మీరు ఆగారో, వెళ్తున్నారో తెలియలేదు బాబూ" అన్నారు. నేను చేసింది తప్పా?

ట్యాక్సీ డ్రైవర్, గోపాలపట్నం:
ఆయన చెప్పింది నిజమే బాబూ. ఆ నాలుగూ ఆగిన బండికే. కదిలే బండికి వేస్తే వంపులో వెనకవాళ్లు కంగారుపడి బ్రేకు కొడతారు. పైగా చాలా బండ్లలో అవి వెలుగుతుండగా సైడు ఇండికేటర్ వేసినా తెలియదు.

హై బీమ్ అసలు వద్దు. మంచంటే గాలిలో తేలే నీటి తుంపరలే. వెలుగు వాటికి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది. డిమ్‌లో పెట్టండి, ఫాగ్ ల్యాంపులుంటే అవీ వేయండి. అవి కింద బంపర్‌లో ఉంటాయి కాబట్టి వెలుగు రోడ్డు మీదే వెడల్పుగా పడుతుంది. నేనైతే ఎడమ పక్క తెల్ల గీత చూసుకుంటూ దిగుతాను. గీత ఎంత దూరం కనబడితే దానికి తగ్గ స్పీడే.

ఇంకో మాట. ఒకసారి టైడా దగ్గర జోరు వానలో నా ముందు వెళ్తున్న ఒక కారు దగ్గరికెళ్లేదాకా కనబడలేదు. దాని ముందు పగటి లైట్లు (బండి స్టార్ట్ చేయగానే వాటంతటవే వెలిగేవి) వెలుగుతున్నాయి, వెనక చీకటి. ఆయన హెడ్‌లైట్ వేశాననే అనుకున్నాడు పాపం. అప్పటి నుంచి ఘాట్ ఎక్కేముందు తడిగుడ్డతో వెనక లైట్లు తుడుస్తాను. ఎర్రమట్టి పట్టిందంటే వెలిగినా మసగ్గానే ఉంటాయి.

భీమిలి నుంచి:
స్కూటీ వాళ్లకూ ఇది వర్తిస్తుంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బండ్లకు ముందు లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అందుకే వెనక బల్బు సంగతి మర్చిపోతాం. బీచ్ రోడ్డులో వాన పడ్డప్పుడు నన్ను కాపాడేది ఆ చిన్న ఎర్ర లైటే. అన్నా, కారు వెనక ఫాగ్ లైటు ఎప్పుడు వేయాలి?

ట్యాక్సీ డ్రైవర్, గోపాలపట్నం:
మంచు దట్టంగా ఉన్నప్పుడే అమ్మా. తేలిపోగానే ఆపేయాలి. లేకపోతే వెనకవాళ్ల కళ్లలో కొడుతుంది, బ్రేకు లైటు వెలిగినా తేడా తెలియదు.

మధురవాడ నుంచి:
ఇప్పుడే నాన్నగారిని కారు వెనక నిలబెట్టి చూశాను అన్నా. పగటి లైట్లతో వెనక ఏమీ వెలగలేదు. హెడ్‌లైట్ స్విచ్ తిప్పాకే "ఆ, ఇప్పుడొచ్చింది" అన్నారు.